స్త్రీ, పురుష జట్ల మధ్య ఫుట్‌బాల్ పోటీలు: నిషేధాలు, నిబంధనలు, మైదానం - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
స్త్రీల జట్టుకు, పురుషుల జట్టుకు మధ్య జరిగే ప్రదర్శన పోటీని సాధారణంగా శరీరబలానికి పెట్టే పరీక్షగా భావిస్తారు. ఇటువంటి పోటీల చరిత్రను పరిశీలిస్తే బలాబలాల ప్రశ్న కన్నా ముందు మరొక ప్రశ్న కనిపిస్తుంది. ఆడదలచిన స్త్రీకి ఎదుటి జట్టు ఎక్కడ దొరుకుతుంది, మైదానం ఎవరిస్తారు అన్నదే ఆ ప్రశ్న. ఇంగ్లండులో 1895 నుండి 1921 వరకు నడిచిన చరిత్రను, హైదరాబాదు ఫుట్‌బాల్ సంప్రదాయాన్ని, భారత మహిళా ఫుట్‌బాల్ పరిణామాన్ని ఈ ప్రశ్న ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశ్యం.

కీలకపదాలు: మహిళా ఫుట్‌బాల్, ప్రదర్శన పోటీ, హైదరాబాదు ఫుట్‌బాల్, సయ్యద్ అబ్దుల్ రహీం, నిషేధం, పాఠశాల క్రీడలు.

1. ప్రస్తావన:

పతకం గాని, పట్టికలో స్థానం గాని లేకుండా ప్రేక్షకుల కోసం, విరాళాల కోసం, లేదా సాధన కోసం ఆడే ఆటను ప్రదర్శన పోటీ అంటారు. ఫలితానికి అధికారిక విలువ లేదు కనుక అటువంటి పోటీలో ఎవరు గెలిచినా నష్టం లేదనుకోవాలి. స్త్రీలకు, పురుషులకు మధ్య ఆట జరిగినప్పుడు మాత్రం ఈ సూత్రం తలకిందులవుతుంది. లెక్కలోకి రాని ఆటలోని గోళ్లే ఏళ్ల తరబడి ఉదాహరణలుగా చెలామణి అవుతాయి. ఒక దేశపు మహిళల జట్టు ప్రపంచకప్పు గెలిచిన సంవత్సరం గుర్తులేనివారికి కూడా, అదే జట్టు బాలుర చేతిలో ఓడిన ఆట స్కోరు కంఠస్థంగా ఉంటుంది.

ఎందుకిలా జరుగుతుంది? దీనికి సమాధానం శరీరశాస్త్రంలో కొంత దొరకవచ్చు. యుక్తవయస్సు తరువాత వేగంలో, కండబలంలో సగటున స్త్రీ పురుషుల మధ్య వ్యత్యాసం ఉంటుందన్నది వివాదం లేని విషయం. కాని ఆ వ్యత్యాసం వేరువేరు విభాగాలు ఎందుకు అవసరమో చెబుతుందే తప్ప, స్త్రీలకు మైదానమే ఎందుకు నిరాకరించారో చెప్పదు. ఈ వ్యాసం రెండవ విషయానికి సంబంధించినది.

2. కథల్లోని పోటీ:

స్త్రీ పురుషులు ఎదురెదురుగా నిలిచే ఘట్టం తెలుగు పాఠకులకు కొత్తది కాదు. పదిహేనవ శతాబ్దపు కవి పిల్లలమఱ్ఱి పినవీరభద్రుని జైమిని భారతంలోని ప్రమీల వృత్తాంతం ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. అశ్వమేధపు గుర్రం స్త్రీరాజ్యంలో ప్రవేశిస్తుంది. ప్రమీల దాన్ని కట్టివేస్తుంది. అర్జునుడు యుద్ధానికి దిగుతాడు గాని ఆమెను జయించలేడు. చివరకు ఆకాశవాణి జోక్యంతో యుద్ధం వివాహంగా మారుతుంది. గెలిచినదెవరో కథ ప్రకటించదు. 1965లో ఇదే వృత్తాంతం ‘ప్రమీలార్జునీయం’ పేరుతో చలనచిత్రంగా వచ్చింది. ఆ కథకు అప్పటికీ జనాదరణ ఉన్నదనడానికి అది నిదర్శనం.

పల్నాటి వీరగాథల్లోని కోడిపోరు ఇంతకన్నా ఆసక్తికరమైనది. అక్కడ తలపడినవి కోళ్లే అయినా పందెం నాయకురాలు నాగమ్మకు, బ్రహ్మనాయుడికి మధ్య జరిగింది. ఓడినవారు ఏడేళ్లు రాజ్యం విడిచి వెళ్లాలన్నది షరతు. నాగమ్మ పక్షం గెలిచింది. అయితే ఆ గెలుపు మోసంతో వచ్చినదని గాథా సంప్రదాయం చెబుతుంది. నిజానిజాలు తేల్చడం ఇక్కడ అవసరం లేదు. స్త్రీ గెలిచినప్పుడు ఆ గెలుపునకు వేరొక కారణం వెతకడం మన కథల్లో ఎంత సహజంగా కుదిరిపోయిందో గమనిస్తే చాలు. ఇరవయ్యవ శతాబ్దపు అమెరికాలోనూ ఇదే ధోరణి కనిపిస్తుంది. 1973 సెప్టెంబరు 20న హ్యూస్టన్ నగరంలో జరిగిన టెన్నిస్ పోటీలో 29 ఏళ్ల బిల్లీ జీన్ కింగ్ 55 ఏళ్ల బాబీ రిగ్స్‌ను 6-4, 6-3, 6-3 తేడాతో ఓడించింది. రిగ్స్ కావాలనే ఓడిపోయాడన్న అనుమానం అప్పటి నుండి వినిపిస్తూనే ఉంది. నలభై ఏళ్ల తరువాత, 2013లో కూడా ఒక అమెరికా క్రీడా వార్తాసంస్థ ఆ అనుమానాన్ని మళ్లీ పెద్ద కథనంగా ప్రచురించింది. 1973 మే నెలలో మార్గరెట్ కోర్టుపై రిగ్స్ 6-2, 6-1తో గెలిచాడు. ఆ గెలుపును మాత్రం ఎవరూ శంకించలేదు.

3. ఇంగ్లండు: రెండు నిషేధాలు

1895 మార్చి 23న లండన్‌లోని క్రౌచ్ ఎండ్ మైదానంలో ‘బ్రిటిష్ లేడీస్ ఫుట్‌బాల్ క్లబ్’ తన తొలి బహిరంగ పోటీ ఆడింది. ఉత్తర, దక్షిణ జట్లుగా విడిపోయి ఆడిన ఆ ఆటలో ఉత్తర జట్టు 7-1తో గెలిచింది. పదివేల మందికి పైగా ప్రేక్షకులు వచ్చినట్లు నమోదైంది. నెట్టీ హనీబాల్ అన్న పేరుతో ప్రసిద్ధురాలైన స్త్రీ ఆ క్లబ్బును నడిపింది. లేడీ ఫ్లారెన్స్ డిక్సీ అధ్యక్షురాలిగా ఉన్నది. ఆనాటి పత్రికలు ఆటకన్నా దుస్తుల గురించి ఎక్కువ రాశాయి.

1921 నాటి నిషేధం గురించి చాలామంది రాశారు. దానికన్నా ముందు వచ్చిన మరొక నిషేధం అంతగా ప్రచారంలో లేదు. 1902 ఆగస్టులో ఇంగ్లండు ఫుట్‌బాల్ అసోసియేషన్ తన అనుబంధ క్లబ్బులు స్త్రీల జట్లతో ఆడరాదని ఆదేశించింది. ఈ ఆదేశం స్త్రీలు తమలో తాము ఆడడాన్ని నేరుగా ఆపలేదు. పురుషుల జట్టు వారికి ఎదురుగా నిలవడాన్ని ఆపింది. అయితే స్త్రీల జట్లు వేళ్ల మీద లెక్కించదగినన్ని మాత్రమే ఉన్న కాలంలో ప్రత్యర్థిని తీసివేయడమంటే ఆటను తీసివేయడమే. కాలక్రమంలో తొలి నిషేధం ఉమ్మడి పోటీ మీద, మలి నిషేధం మొత్తం స్త్రీల ఆట మీద పడ్డాయి. ఈ వరుసకు చరిత్రకారులు తగినంత ప్రాధాన్యం ఇవ్వలేదన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం.

మొదటి ప్రపంచయుద్ధం పరిస్థితిని మార్చింది. పురుషులు యుద్ధరంగానికి వెళ్లగా ఆయుధ కర్మాగారాల్లో పని స్త్రీల చేతికి వచ్చింది. ప్రెస్టన్ పట్టణంలోని ‘డిక్, కెర్’ కర్మాగారంలో 1917 అక్టోబరు ప్రాంతంలో భోజన విరామాల్లో, తేనీటి విరామాల్లో యువతులు అక్కడి మగ అప్రెంటిస్‌లతో బంతాట ఆడసాగారు. ఒక ఆటలో మగవారిని ఓడించారు. ఆ సరదా ఆటే జట్టుకు పునాది అయింది. కార్యాలయ ఉద్యోగి ఆల్ఫ్రెడ్ ఫ్రాంక్‌లాండ్ నిర్వహణ బాధ్యత తీసుకొన్నాడు. ఆ ఏడాది క్రిస్మస్ రోజున డీప్‌డేల్ మైదానంలో పదివేల మంది చూస్తుండగా ఆ జట్టు మరొక కర్మాగారపు స్త్రీల జట్టును 4-0తో ఓడించింది. వసూలైన సొమ్ము గాయపడిన సైనికుల ఆసుపత్రికి చేరింది. ప్రపంచ మహిళా ఫుట్‌బాల్ చరిత్రలో అత్యంత ప్రసిద్ధమైన జట్టు ఇలా స్త్రీ, పురుషుల పోటీలోనే పుట్టింది. దానికి రిఫరీ లేడు, టికెట్టు లేదు, పత్రికా వార్త లేదు.

1920 డిసెంబరు 26న లివర్‌పూల్‌లోని గుడిసన్ పార్కులో ఈ జట్టు సెయింట్ హెలెన్స్ జట్టుతో ఆడినప్పుడు 53,000 మంది చూశారు. లోపల చోటు లేక బయట నిలిచిపోయినవారు వేలల్లో ఉన్నారు. మరుసటి సంవత్సరం డిసెంబరు 5న ఫుట్‌బాల్ అసోసియేషన్ తన సభ్య క్లబ్బుల మైదానాల్లో స్త్రీల ఆటలు జరగరాదని తీర్మానించింది. ఫుట్‌బాల్ స్త్రీలకు తగిన ఆట కాదన్నది ఒక కారణం. విరాళాల సొమ్ములో ఎక్కువ భాగం ఖర్చులకు పోతోందన్న ఆరోపణ మరొకటి. నిషేధం ఎవరి కాళ్లనూ కట్టివేయలేదు. మైదానాల ద్వారాలను మూసివేసింది. సుమారు యాభై ఏళ్ల పాటు అవి మూసే ఉన్నాయి. పశ్చిమ జర్మనీలో 1955 నుండి 1970 వరకు, బ్రెజిల్‌లో 1941 నుండి 1979 వరకు ఇటువంటి ఆంక్షలే అమలయ్యాయి.

నిషేధం తరువాత 1922లో డిక్, కెర్ జట్టు ఉత్తర అమెరికాకు ప్రయాణమైంది. కెనడా ఫుట్‌బాల్ సంఘం వారి ఆటలకు అనుమతి ఇవ్వలేదు. అమెరికాలో దిగేసరికి ఎదురుగా ఆడడానికి స్త్రీల జట్లు లేవు. కనుక పురుషుల క్లబ్బులతో ఆడారు. కొన్ని గెలిచారు, కొన్ని ఓడారు, కొన్ని సమంగా ముగించారు. దీన్ని స్త్రీలు పురుషులకు విసిరిన సవాలుగా వర్ణించడం పరిపాటి. ఓడ దిగిన ఆ జట్టుకు మరొక ప్రత్యర్థి లేకపోవడమే అసలు కారణమన్నది మరువరాదు.

4. స్కోరు ఎవరిది?

2016 మే నెలలో ఆస్ట్రేలియా మహిళల జాతీయ జట్టు న్యూకాజిల్ జెట్స్ క్లబ్బు బాలుర జట్టుతో సాధన పోటీ ఆడి 0-7తో ఓడింది. 2017 ఏప్రిల్‌లో అమెరికా మహిళల జాతీయ జట్టు డల్లస్ క్లబ్బుకు చెందిన పదిహేనేళ్ల లోపు బాలుర జట్టు చేతిలో 2-5తో ఓడింది. అమెరికా జట్టు అప్పటికి ప్రపంచ విజేత. ఈ రెండు ఆటలూ సన్నాహంగా ఏర్పాటు చేసుకొన్నవి. అటువంటి ఆటలో శిక్షకులు ఇష్టం వచ్చినన్ని మార్పులు చేస్తారు, కొత్తవారిని పరీక్షిస్తారు, ఒకే వ్యూహాన్ని పదే పదే ప్రయత్నిస్తారు. జాతీయ స్థాయి స్త్రీల జట్టుకు తన స్థాయికి మించిన వేగం అలవాటు కావాలంటే దగ్గరలో దొరికే ప్రత్యర్థులు బాలురే.

అంటే ఆ ఆటకు ఒప్పుకోవడం స్త్రీల జట్టు ఎంచుకొన్న సాధన పద్ధతి. స్కోరు మాత్రం సాధన అవసరం లేనివారి చేతికి చేరింది. వేతనాల చర్చ వచ్చినప్పుడల్లా అది సాక్ష్యంగా ముందుకు వస్తుంది. అమెరికా మహిళా క్రీడాకారులు సమాన వేతనం కోసం వేసిన దావా 2022 ఫిబ్రవరిలో 2.4 కోట్ల డాలర్ల ఒప్పందంతో ముగిసింది. ఆ తరువాత కూడా ఈ వాదం ఆగలేదు. బాలుర జట్టుతో ఓడినవారికి పురుషులతో సమానంగా ఎందుకివ్వాలన్నది ఆ వాదం. ఇది తర్కానికి నిలువదు. పురుషుల రెండవ శ్రేణి జట్టు మొదటి శ్రేణి జట్టు చేతిలో ఓడినా తన ప్రేక్షకులను, తన జీతాలను నిలుపుకొంటూనే ఉంది.

అంతర్జాతీయ నియమాలు ఈ విషయంలో ఒకే మాట మీద లేవు. 2004 డిసెంబరులో మెక్సికో క్రీడాకారిణి మారిబెల్ డొమింగెజ్‌ను సెలాయా పురుషుల క్లబ్బు చేర్చుకోదలచినప్పుడు స్త్రీ, పురుషుల ఫుట్‌బాల్ మధ్య స్పష్టమైన విభజన ఉండాలని ఫిఫా తిరస్కరించింది. 2020లో నెదర్లాండ్స్ సంఘం మాత్రం ఎలెన్ ఫోకెమా అన్న యువతి తన ఊరి పురుషుల జట్టులో ఆడడానికి ప్రయోగాత్మకంగా అనుమతించింది. చిన్నప్పటి నుండి అదే పిల్లలతో ఆడుతూ పెరిగిన ఆమెకు పందొమ్మిదేళ్ల వయస్సులో ఆ జట్టు వదలవలసిన పరిస్థితి రావడమే ఆ అనుమతికి కారణం.

5. హైదరాబాదు: నియమాన్ని మార్చి ఆడడం

ఉమ్మడి ఆటల్లో తరచు వినిపించే సూచన ఒకటుంది: బలమైన జట్టుకు ఏదైనా అదనపు నియమం పెడితే ఆట సమమవుతుంది. ఈ సూచనను సాధారణంగా హాస్యంగానో, అవమానంగానో తీసుకొంటారు. హైదరాబాదు ఫుట్‌బాల్ చరిత్ర తెలిసినవారికి ఇందులో మరొక కోణం కనిపిస్తుంది.

సయ్యద్ అబ్దుల్ రహీం (1909-1963) వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. 1943 నుండి హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. ఆయన శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం సాధించింది. సికింద్రాబాదు అమ్ముగూడ నుండి వచ్చిన తులసీదాస్ బలరాం మొదలుకొని ఎందరో ఈ బడిలో తయారయ్యారు. హైదరాబాదు జట్టు 1956-57, 1957-58 సంవత్సరాల్లో సంతోష్ ట్రోఫీ గెలుచుకొంది. 2024లో విడుదలైన ‘మైదాన్’ హిందీ చిత్రం వల్ల ఈ తరం వారికి రహీం పేరు కొంత పరిచయమైంది.

రహీం యువ ఆటగాళ్ల కోసం ప్రత్యేక పోటీలు నిర్వహించాడు. ఒక పోటీలో బంతిని కాళ్ల మధ్య తిప్పుకొంటూ ముందుకు తీసుకువెళ్లరాదు. అందిన వెంటనే తోటివాడికి అందించాలి. మరొక పోటీలో ఎవరికి ఏ కాలు బలహీనమో ఆ కాలితోనే ఆడాలి. ఇది శిక్ష కాదు, పరిహాసమూ కాదు. బలమైన కాలిని పక్కనపెట్టిన ఆటగాడు మెదడుతో ఆడడం నేర్చుకొంటాడు. తోటివాడు ఎక్కడున్నాడో ముందుగా చూడడం అలవాటవుతుంది. శరీరబలం తక్కువైన జట్టు వేగంగా బంతి అందించడం ద్వారా బలమైన జట్టును నిలువరించగలదన్నది ఆ బోధన సారాంశం. యూరోపియన్ల కన్నా శరీరదారుఢ్యంలో వెనుకబడిన భారతీయులను ఆయన ప్రపంచ స్థాయికి తీసుకువెళ్లినది ఈ పద్ధతితోనే. బలహీనపక్షం బలమైన పక్షంతో ఎలా ఆడాలన్న ప్రశ్నకు ఇంత క్రమబద్ధంగా సమాధానం చెప్పిన శిక్షకులు అరుదు.

అయితే ఈ బడి బాలురకే పరిమితమైంది. భారత మహిళా ఫుట్‌బాల్ సమాఖ్య లక్నోలో ఏర్పడినది 1975లో, అంటే రహీం మరణించిన పన్నెండేళ్లకు. హైదరాబాదు ఫుట్‌బాల్ స్వర్ణయుగంగా చెప్పుకొనే కాలంలో ఆ మైదానాల్లో ఆడపిల్లలకు పోటీ అన్నది లేదు. ఆ పద్ధతి స్త్రీల ఆటకు చేరే నాటికి నగరంలో పురుషుల ఆటే క్షీణించింది. మన ప్రాంతపు క్రీడా చరిత్రలో ఇది పెద్ద నష్టం. దీన్ని నష్టంగా గుర్తించినవారు కూడా తక్కువే.

ఫుట్‌బాల్‌లో లేని ఈ అవకాశం ఇతర క్రీడల్లో కొందరు తెలుగు బాలికలకు దొరికింది. సికింద్రాబాదులో మిథాలీ రాజ్ తొలి క్రికెట్ పాఠాలు బాలుర శిబిరంలో నేర్చుకొంది. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 1999లో అహ్మదాబాదులో జరిగిన ఆసియా యువ చదరంగ పోటీల్లో పన్నెండేళ్ల లోపు విభాగంలో బాలురతో తలపడి విజేతగా నిలిచింది. 2002లో పదిహేనేళ్ల వయస్సులో గ్రాండ్‌మాస్టర్ అయింది. చదరంగంలో కండబలం ప్రసక్తి లేదు గనుక పోలిక సరికాదనవచ్చు. కాని తనకన్నా బలమైన ప్రత్యర్థులు చిన్ననాడే దొరకడం ఇద్దరి విషయంలోనూ సమానం.

6. పదకొండు మంది కావాలి:

భారత మహిళల జట్టు చరిత్ర అపజయాల చరిత్ర కాదు. 1980లో కాలికట్‌లో జరిగిన ఆసియా పోటీల్లోను, 1983లో బ్యాంకాక్‌లోను రన్నరప్‌గా నిలిచింది. పురుషులకు సంతోష్ ట్రోఫీ 1941లో మొదలు కాగా, అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆధ్వర్యంలో మహిళలకు జాతీయ పోటీలు 1991-92లో ప్రారంభమయ్యాయి. సరిగ్గా అర్ధశతాబ్దం అంతరం. 2009లో అంతర్జాతీయ పోటీలు ఆడని కారణంగా భారత మహిళల జట్టు ఫిఫా ర్యాంకుల పట్టిక నుండి తొలగిపోయింది. ఎవరి చేతిలోనూ ఓడకుండానే పట్టిక నుండి మాయమైంది. బాలుర చేతిలో ఏడు గోళ్లతో ఓడిన ఆస్ట్రేలియా జట్టు స్థితి దీనికన్నా ఎంతో మెరుగైనది. ఆ జట్టుకు ఆడడానికి ఎవరో ఒకరు ఉన్నారు.

2022 జనవరిలో నవీ ముంబయిలో సొంతగడ్డ మీద ఆసియా కప్పు జరుగుతుండగా కోవిడ్ సోకి, చైనీస్ తైపీతో ఆటకు కనీసం పదమూడు మందిని కూడా చూపలేక భారత జట్టు తప్పుకోవలసి వచ్చింది. అది వ్యాధి తెచ్చిన ఆపద. పాఠశాల స్థాయిలో ఇటువంటి స్థితి ఏ వ్యాధీ లేకుండానే ఏటా ఎదురవుతుంది. ఫుట్‌బాల్ నియమావళి ప్రకారం ఒక జట్టుకు పదకొండు మంది. ఏడుగురి కన్నా తక్కువ ఉంటే ఆట మొదలుపెట్టరాదు. పాఠశాల క్రీడా సమాఖ్య పోటీలు 14, 17, 19 ఏళ్ల లోపు విభాగాల్లో బాలురకు, బాలికలకు విడివిడిగా జరుగుతాయి. ఆ విభజన న్యాయమైనదే. కాని శంకరంపేట వంటి మండల కేంద్రంలో, ఒక తరగతిలో బంతాట మీద ఆసక్తి ఉన్న అమ్మాయిలు ఇద్దరో ముగ్గురో ఉంటే ఏమవుతుంది? బడి గ్రౌండులో సాయంత్రం వారు అబ్బాయిలతోనే ఆడుకొంటారు. మండల స్థాయి పోటీల జాబితా తయారయ్యేసరికి అబ్బాయిలకు జట్టు ఉంటుంది, అమ్మాయిలకు జట్టు ఉండదు. పీఈటీ సారు మంచివారైతే వారిని కబడ్డీకో, ఖోఖోకో పంపుతారు. 1902 నాటి ఆదేశంలో కనిపించిన చిక్కే ఇక్కడ ఏ దురుద్దేశ్యమూ లేకుండా పునరావృతమవుతోంది. ప్రత్యేక విభాగం ఉన్నంత మాత్రాన సరిపోదు, ఆ విభాగం నిండే వరకు ఆ పిల్లలు ఆడే చోటు కూడా ఉండాలి.

ఇది అసాధ్యమైన విషయమేమీ కాదని మరొక జిల్లా చెబుతోంది. నిజామాబాద్ జిల్లాకు చెందిన గుగులోత్ సౌమ్య భారత జట్టుకు ఎదిగింది. 2022లో జ్యోతి చౌహాన్‌తో పాటు క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్బుకు ఆడడానికి వెళ్లింది. 2025లో అఖిల భారత సమాఖ్య ఉత్తమ మహిళా క్రీడాకారిణి పురస్కారం అందుకొంది. ఆ ఏడాది జులై 5న చియాంగ్ మాయ్‌లో థాయిలాండ్‌ను 2-1తో ఓడించి భారత మహిళలు 2026 ఆసియా కప్పుకు అర్హత సాధించారు. అర్హత పోటీలు ఆడి ఆ స్థాయికి చేరడం వారికి అదే మొదటిసారి.

7. పరిశోధనావకాశాలు:

డిక్, కెర్ కర్మాగారపు ఆవరణలో జరిగిన ఆట గురించి మనకు తెలియడానికి కారణం, ఆ తరువాత ఆ జట్టు ప్రసిద్ధికెక్కడం. ప్రసిద్ధికెక్కని ఆవరణల్లోని ఆటలు ఎక్కడా నమోదు కాలేదు. తెలంగాణ గ్రామాల్లో చిర్రగోనె, గోటీలు అబ్బాయిలవిగా, గచ్చకాయలు, తొక్కుడుబిళ్ల అమ్మాయిలవిగా జానపద పరిశోధకులు పట్టికలు రాశారు. ఆ హద్దులు దాటి ఆడినవారి ముచ్చట ఆ పట్టికల్లో లేదు. 1975 తరువాత బడికి వెళ్లి, అన్నదమ్ములతో, తోటి విద్యార్థులతో ఫుట్‌బాల్ ఆడి, ఏదో ఒక తరగతి దగ్గర ఆపివేసిన స్త్రీలు నేడు నలభై, యాభై ఏళ్ల వయస్సులో ఉన్నారు. ఎన్నవ తరగతిలో ఆపారు, ఎవరు ఆపమన్నారు, ఆ సాయంత్రం నుండి ఆ బంతి ఎవరి దగ్గర ఉంది అన్న మూడు ప్రశ్నలతో మౌఖిక చరిత్ర సేకరణ ప్రారంభించవచ్చు. బడుల్లో దాచిన క్రీడోత్సవాల రిజిస్టర్లు, వార్షికోత్సవ ఛాయాచిత్రాలు, జిల్లా పోటీల ధ్రువపత్రాలు అందుకు తోడ్పడతాయి. పాత పాఠశాల భవనాలు కూల్చి కొత్తవి కట్టేటప్పుడు ముందుగా పోయేవి ఈ రిజిస్టర్లే కనుక, ఈ పని వచ్చే వేసవి సెలవుల్లోనే మొదలుపెట్టడం మంచిది.